జీతం ఎవరిచ్చారు? శంషాబాద్ దారిలో వలస సిపాయి జాడ

హైదరాబాద్ పాతనగరం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి చేరే దారులు ప్రధానంగా రెండు. ఆరాంఘర్ కూడలి మీదుగా బెంగళూరు రహదారి వెంట సాగే మొదటి దారిని నగరవాసులందరూ ఎరుగుదురు. చాంద్రాయణగుట్ట దాటి బార్కస్, పహాడీ షరీఫ్, మామిడిపల్లి మీదుగా సాగే రెండవ దారి మాత్రం, చరిత్ర దృష్టితో చూసినప్పుడు, దక్కనుకు కొలువు కోసం వచ్చిన పరదేశ సైనికుల దారి. బార్కస్ అనే పేరు, సిపాయిల నివాసాలను సూచించే ‘బ్యారక్స్’ అన్న ఇంగ్లీషు మాట స్థానికుల నోట అరిగి మిగిలిన రూపం. ఆ నివాసాలలో ఉన్నవారు అరేబియా ద్వీపకల్పపు దక్షిణ తీరాన, నేటి యెమెన్ దేశపు తూర్పు భాగంలో ఉన్న హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బులు. వారి వంశస్థులు నేటికీ ఆ పేటలోనే ఉన్నారు; అక్కడి హరీస్, మండీ వంటకాలనూ, జామపండ్లనూ, పెళ్లి ఊరేగింపులలో మోగే మర్ఫా డప్పులనూ హైదరాబాదీలు తమవిగానే చేసుకున్నారు గాని, ఆ డప్పుల వెనుక ఉన్న సైనిక చరిత్రను పట్టించుకున్నవారు తక్కువ.

తమ ముత్తాత తండ్రి ఏ ఊరి నుంచి బయలుదేరాడు, ఏ దళంలో చేరాడు, ఏ యుద్ధంలో పోరాడాడు అనే ప్రశ్నలకు బార్కస్‌లోని ఒక కుటుంబం జవాబు వెతకదలిస్తే ఎక్కడ మొదలుపెట్టాలన్నదే ఈ వ్యాసంలోని విషయం. ఇవే ప్రశ్నలను, స్కాట్లాండు నుంచి సిపాయిగా భారతదేశానికి వలస వచ్చిన మనిషి వంశస్థులు కూడా తరతరాలుగా వేస్తూ వచ్చారు. పైగా ఆ రెండు వలసల వాళ్లు దక్కను యుద్ధరంగాల మీద ఒకరికొకరు ఎదురుపడ్డారు కూడా. రెండు అన్వేషణలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, పూర్వికుడు ఎక్కడ పోరాడాడన్న దానికన్నా ముందు అతనికి జీతం ఎవరిచ్చారన్నది తేల్చుకోవాలని అర్థమవుతుంది, ఎందుకంటే సైనికుని గురించిన కాగితం ఏ కాలంలోనైనా అతని జీతం వెంటే నడిచింది.

స్కాట్లాండు నుంచి వచ్చినవారి పేర్లు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. గ్లాస్గోలో 1761లో పుట్టి, 1780లో మద్రాసు సైన్యంలో కేడెట్‌గా, అంటే శిక్షణ దశలోని చిన్న అధికారిగా దిగిన థామస్ మన్రో, మైసూరు యుద్ధాలలో పాల్గొన్న తరువాతనే దత్తమండలాల ప్రధాన కలెక్టరయ్యాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు. స్కాట్లాండు దక్షిణ సరిహద్దు ప్రాంతంలో పుట్టిన జాన్ మాల్కం, 1798 అక్టోబరులో హైదరాబాద్‌లో నిజాం కొలువులోని ఫ్రెంచి దళాన్ని నిరాయుధం చేసినప్పుడు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్‌కు సహాయకుడిగా ఉన్నాడు. వీరు పెద్ద పదవులకు ఎక్కినవారు గనుక వీరి జాడ కోసం ఎవరూ కష్టపడనక్కరలేదు. సాధారణ సిపాయిగా వచ్చి సికింద్రాబాద్ దండులో నాలుగేళ్లు గడిపి, ఏదో ఒక కోట గుమ్మం దగ్గర పడిపోయిన స్కాట్ మాటేమిటన్నది అసలు ప్రశ్న; ఆ ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుందన్నది ఆశ్చర్యం కలిగించే సంగతి.

అది ఎలా దొరుకుతుందో చూడడానికి 1817 నాటి నాగపూరు యుద్ధం తగిన ఉదాహరణ. మూడవ మరాఠా యుద్ధంలో భాగంగా, నాగపూరు పాలకుడైన అప్పా సాహెబ్ భోంస్లే సైన్యం 1817 నవంబరు 26 రాత్రి సీతాబర్డీ గుట్టల మీద ఉన్న ఈస్టిండియా కంపెనీ బలగాల పైకి దాడి ప్రారంభించింది. ఆ దాడిలో ముందు నిలిచినవారు భోంస్లే కొలువులోని అరబ్బులు. మరునాటికి ఆ దాడి విఫలమైంది. డిసెంబరు 16న బ్రిగేడియర్ జనరల్ డవ్‌టన్ నాయకత్వంలో వచ్చిన సైన్యం భోంస్లే ఫిరంగులను స్వాధీనం చేసుకుంది. అయినా అరబ్బులు లొంగలేదు. నగరం లోపలి కోటలోకి చేరి తలుపులు బిగించుకున్నారు. డిసెంబరు 24న జుమ్మా దర్వాజా వద్ద గోడకు గండి కొట్టి కంపెనీ బలగాలు లోపలికి చొరబడబోగా అరబ్బుల తుపాకులు వారిని వెనక్కి నెట్టాయి. ఆ రోజు గండి వద్దకు పంపిన వారిలో రాయల్ స్కాట్స్ అనే స్కాటిష్ రెజిమెంటు సిపాయిలు ఉన్నారు. చివరకు డిసెంబరు 30న, కుటుంబాలతో సామానులతో సహా సురక్షితంగా వెళ్లిపోవచ్చునన్న ఒప్పందం మీద అరబ్బులు కోటను విడిచారు. ఒకే దర్వాజాకు లోపల హద్రమౌత్ నుంచి, వెలుపల స్కాట్లాండు నుంచి వచ్చిన యువకులు, ఇద్దరూ తమది కాని నేల మీద, తమది కాని తగాదాలో తలపడిన ఆ వారం రోజుల కథ, దక్కను సైనిక చరిత్రలో ఇంకా విపులంగా రాయవలసిన అధ్యాయం.

ఆ దర్వాజా వెలుపల నిలిచిన స్కాట్ సిపాయికి సంబంధించిన కాగితాలు నేటికీ ఉన్నాయి. బ్రిటిష్ రాజు సైన్యంలో ప్రతి రెజిమెంటూ హాజరు పట్టీలను, జీతాల పట్టీలను నియమం తప్పకుండా తయారుచేసి లండన్‌కు పంపవలసి ఉండేది. సిపాయి పేరు, ఎన్ని రోజులకు జీతం తీసుకున్నాడు, ఆసుపత్రిలో ఉన్నాడా, ఖైదులో ఉన్నాడా, చనిపోతే ఏ తేదీన అన్న వివరాలు వాటిలో ఉంటాయి. అవి ఇప్పుడు లండన్ శివారులోని క్యూ అనే చోట బ్రిటిష్ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. సిపాయి బతికి బయటపడి పింఛను పొందినట్లయితే, అతని విడుదల పత్రంలో పుట్టిన పారిష్, అంటే చర్చి పరిధిలోని గ్రామం, సైన్యంలో చేరకముందు చేసిన వృత్తి, ఎత్తు, జుట్టు రంగు, కళ్ల రంగు, గాయాల వివరం అన్నీ కనిపిస్తాయి. ఆ పారిష్ పేరు పట్టుకుని, 1855లో పౌర జననమరణాల నమోదు మొదలవక ముందు స్కాట్లాండు చర్చిలు ఉంచిన బాప్టిజం రిజిస్టర్లలోకి వెళ్తే తల్లిదండ్రుల పేర్లు చిక్కుతాయి. భారతదేశంలో పెళ్లి చేసుకున్నా, ఇక్కడే ఖననమైనా, మద్రాసు రాజధానిలోని చర్చిలు పంపిన నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్తావేజులలో ఉంటాయి. వీటన్నిటికీ తోడు 1851లో ఆ పాత యుద్ధాలకు ‘ఆర్మీ ఆఫ్ ఇండియా’ అనే పతకం ప్రకటించి, ఏ యుద్ధంలో పాల్గొంటే ఆ యుద్ధం పేరు చెక్కిన పట్టీని రిబ్బను మీద తగిలించారు. అప్పటికి బతికి ఉన్నవారికే ఇచ్చిన ఆ పతకాల జాబితాలో ‘నాగపూర్’ పట్టీ పొందినవారి పేర్లు విడిగా ఉన్నాయి.

ఈ కాగితాల క్రమం వెనుక ఉన్న డబ్బు ఎక్కడిదన్నది తెలుగువారు మరువకూడని విషయం. నిజాం 1798లో సైన్యసహకార ఒప్పందం చేసుకుని, కంపెనీ సైన్యాన్ని తన రాజ్యంలో ఉంచుకుని ఆ ఖర్చు భరించడానికి అంగీకరించాడు. ఆ ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి వదులుకున్నాడు. దత్తమండలాలు అన్న పేరు వచ్చింది ఆ విధంగానే. హైదరాబాద్ సహాయక దళం అని పిలిచిన ఆ సైన్యం కోసమే 1806లో సికింద్రాబాద్ దండు ఏర్పడింది. అందువల్ల దక్కనులో పోరాడిన స్కాట్ సిపాయికి చేరిన జీతంలో, అతని పేరు ఈనాటికీ నిలబెట్టిన ఆ పట్టీల ఖర్చులో, కడప బళ్లారి రైతులు మెట్ట చేల మీద కట్టిన శిస్తు కూడా ఉంది.

దర్వాజా లోపల నిలిచిన అరబ్బుకు ఇటువంటి పట్టీ ఏదీ లేదు, లేదా ఉన్నా అది ప్రభుత్వం చేతికి రాలేదు. ఇందుకు కారణం జమాదారీ పద్ధతి. జమాదారు అంటే నేటి సైన్యంలోని చిన్న అధికారి కాదు; తన సొంత మనుషులను, చాలావరకు తన తెగవారినే, సమకూర్చుకుని రాజు కొలువులో దించే సైనిక గుత్తేదారు. ఇంతమంది సిపాయిలకు నెలకు ఇంత అని రాజ్యం మొత్తం సొమ్మును జమాదారుకు ముట్టజెప్పేది, లేదా ఏదో ఒక తాలూకా శిస్తును అతనికి రాసిచ్చేది; దానిని సిపాయిలకు పంచడం, వారి పేర్లు రాసుకోవడం, రాసుకోకపోవడం జమాదారు ఇష్టం. రాజ్యపు దస్తావేజులో జమాదారు పేరు, దళం సంఖ్య, సొమ్ము కనిపిస్తాయి. గోడ మీద నిలబడి కాల్చిన మనిషి పేరు కనిపించదు. అరబ్బు సిపాయి ఆచూకీ కోసం వెతికేవారు మొదట వెతకవలసినది అతని పేరును కాదు, అతని జమాదారు పేరును.

భోంస్లే, పేష్వా కొలువులు కూలిపోయిన తరువాత, 1818 వేసవిలో మాలేగాం కోటలో మరొక అరబ్బు దళం హైదరాబాద్ సహాయక దళం చేతిలో ఓడిపోయిన తరువాత, దక్కనులో అరబ్బు సిపాయిలకు మిగిలిన పెద్ద కొలువు హైదరాబాద్ ఒక్కటే. నాగపూరు, పూనా, బరోడా నుంచి చేరినవారికి, ఓడ దిగి నేరుగా వచ్చినవారు తోడయ్యారు. హద్రమౌత్ అన్నది ఎత్తయిన బీడు పీఠభూముల మధ్య లోతుగా సాగే ఒక లోయ. షిబామ్, సైయూన్, తరీమ్ అనే పట్టణాలు, మట్టి ఇటుకల బహుళ అంతస్తుల మేడలు, ఖర్జూరపు తోటలు తప్ప తక్కినదంతా ఎడారి కావడం వల్లా, తెగల తగాదాలు తెంపు లేకుండా సాగడం వల్లా అక్కడి మగవారు తరతరాలుగా బయటి దేశాల మీద ఆధారపడ్డారు. జావా, సింగపూరుకు వెళ్లినవారు ఎక్కువగా వర్తకులయ్యారు. హైదరాబాదుకు వచ్చినవారు ఎక్కువగా సిపాయిలయ్యారు. తురుష్క సైన్యంలో చిన్న హోదాను సూచించే ‘చావుష్’ అన్న మాట హైదరాబాదులో అరబ్బులందరికీ వాడుక పేరై, జనం నోట ‘చౌష్’గా నిలిచిపోయింది.

ఇక్కడి అరబ్బు జమాదారుల పలుకుబడి 1840ల నాటికి రాజ్యాన్నే శాసించే స్థితికి చేరింది. జీతాలు నెలల తరబడి నిలిచిపోయిన ఖజానాకు వారే అప్పులిచ్చారు. అప్పుకు బదులు తాలూకాలను పట్టి ఉంచుకున్నారు. బాకీదారులను తమ కావలిలో నిర్బంధించారు. ఇరవై నాలుగేళ్ల వయసులో 1853లో దివానుగా వచ్చిన మొదటి సాలార్ జంగ్ ఈ వ్యవస్థను ఒక్క దెబ్బతో కూల్చలేదు. తాలూకాలను క్రమంగా విడిపించుకుని, అరబ్బుల వ్యవహారాలను ప్రభుత్వ విచారణ కిందకు తెచ్చి, వారి దళాలను నజ్మ్-ఎ-జమీయత్ అనే క్రమేతర సైన్య శాఖలో, అంటే కవాతు శిక్షణ, ఏకరూప దుస్తుల నియమం వర్తించని బలగాల శాఖలో, లెక్కకు తెచ్చాడు. వంశ చరిత్ర వెతికేవారికి ఇది శుభవార్త, ఎందుకంటే రాజ్యం సిపాయిని లెక్కపెట్టడం మొదలుపెట్టిన రోజునుంచే అతని పేరు కాగితం మీదికి వస్తుంది. నేడు చాంద్రాయణగుట్ట ఆవల ఉన్న మైసారం అనే చోటు పేరు మీద నడిచిన మైసారం రెజిమెంటు అరబ్బులదే. బార్కస్ అన్న పేరుకు మూలమైన వసతులు ఆ రెజిమెంటువే.

యుద్ధకాలపు సేవ అన్నప్పుడు చాలా కుటుంబాలలో 1857 ప్రస్తావన వస్తుంది. ఆ ఏడాది జులై 17న మౌల్వీ అల్లావుద్దీన్, తుర్రేబాజ్ ఖాన్ నాయకత్వంలో బ్రిటిష్ రెసిడెన్సీ మీద, అంటే నేటి కోఠి మహిళా విశ్వవిద్యాలయ భవనం మీద, దాడి జరిగింది. దాడి చేసిన బలగంలో ప్రధానమైనవారు రోహిల్లాలు, అంటే ఉత్తర భారతం మీదుగా వచ్చి స్థిరపడిన పఠాన్ సిపాయిలు. అరబ్బు జమాదారులు మాత్రం మొత్తం మీద సాలార్ జంగ్ పక్షాన ఉండిపోయారు. ఇద్దరూ పరదేశ సైనికులే, ఇద్దరి బస్తీలూ పాతనగరంలోనివే కావడం వల్ల తరువాతి తరాల జ్ఞాపకంలో ఈ రెండు పాత్రలు కలగలిసిపోవడం సహజం. తమ దాదా, అంటే తాత, తుర్రేబాజ్ ఖాన్ వెంట నడిచాడని ఒక అరబ్బు కుటుంబంలో చెప్పుకుంటున్నట్లయితే, ఆ మాటను తోసిపుచ్చకుండానే, ముందుగా ఆ దాదా రోహిల్లా తల్లి బిడ్డా అన్నది విచారించడం మంచిది.

ఈ సిపాయిలలో ఒక కుటుంబం జాడ మాత్రం రెండు ఖండాల చరిత్రలోనూ చెరగకుండా నిలిచింది. హైదరాబాదులో జమాదారుగా ఎదిగిన ఉమర్ బిన్ అవద్ అల్-ఖుఐతీ ఇక్కడ కూడబెట్టిన సొమ్మును స్వదేశానికి పంపి షిబామ్ ప్రాంతంలో బలం పెంచుకున్నాడు. 1865లో ఆయన హైదరాబాదులో మరణించిన తరువాత కొడుకులు 1867లో షిహ్ర్ రేవును, 1881లో ముకల్లా రేవును పట్టుకుని ఏకంగా ఒక రాజ్యాన్ని స్థాపించారు. వారికి ప్రత్యర్థి అయిన కసీరీ వంశపు గాలిబ్ బిన్ ముహ్సిన్ కూడా హైదరాబాదు కొలువు చేసినవాడే. ఎడారిలోని ఆ పోరుకు ఇరుపక్షాల తుపాకీ మందు ఖర్చూ నిజాం ఖజానా నుంచి వచ్చిన జీతమే. సుల్తాన్ నవాజ్ జంగ్ అన్న నిజాం బిరుదుతో హైదరాబాదు ప్రభువుగా, ముకల్లా సుల్తానుగా ఒకే మనిషి రెండు చోట్ల మన్ననలందుకున్న ఆ వంశపు రాజ్యం 1967 వరకు నడిచింది. బార్కస్‌లోని సామాన్య కుటుంబానికి దీనివల్ల కలిగే ప్రయోజనం ఏమిటంటే, తమ పూర్వికుడు ఖుఐతీల జమాదారీలో ఉన్నాడో, కసీరీల పక్షాన ఉన్నాడో, ఔలఖీ అనే మరో అరబ్బు తెగ వెంట వచ్చాడో తేలితే, ఏ ప్రాంతం వైపు వెతకాలో కూడా చాలావరకు తేలుతుంది.

పేరు ఎలా చదవాలన్నది ఇక్కడ తెలుసుకోదగిన విషయం. హద్రమౌత్ నామపద్ధతిలో మొదట మనిషి పేరు, ‘బిన్’ అన్న మాట తరువాత తండ్రి పేరు, ఆపైన తాత పేరు, చివర తెగ లేదా ఇంటి పేరు వస్తాయి. ఇంటి పేర్లలో బావజీర్ వంటి వాటిలోని ‘బా’ అన్నది ఫలానావారి సంతతి అని చెప్పే హద్రమీ గుర్తు. హైదరాబాదు గుమాస్తా ఈ పొడవాటి పేరును పార్సీలో రాసేటప్పుడు తెగ పేరును వదిలేసి కేవలం ‘అరబ్’ అని చేర్చి ఊరుకున్న సందర్భాలు ఉంటాయి గనుక, మూడు తరాల పేర్లు వరుసగా తెలిసి ఉంటే తప్ప పట్టీలోని సాలెహ్ బిన్ అహ్మద్ తమవాడో కాదో చెప్పడం సాధ్యం కాదు. 1880ల నుంచి రాజ్యపు కార్యాలయ భాష పార్సీ స్థానంలో ఉర్దూ అయింది. అందువల్ల ఒకే మనిషి చేరిక పార్సీలోనూ, అతని పింఛను ఉర్దూలోనూ ఉండవచ్చు.

హైదరాబాదులోని తార్నాకలో ఉన్న రాష్ట్ర అభిలేఖాగారంలో సిపాయిని ఎంత దగ్గరగా చూసి రాసేవారో తెలిపే అపురూపమైన పత్రాలు ఉన్నాయి. అర్జ్-ఓ-చెహ్రా అని పిలిచే ఆ పత్రాలు షాజహాను, ఔరంగజేబుల కాలపు దక్కను సైన్యానివి. చెహ్రా అంటే ముఖం. సిపాయి పేరు, తండ్రి పేరు, చోటు రాసిన తరువాత, చామనఛాయ, వెడల్పాటి నుదురు, కలిసిన కనుబొమలు, చెంప మీద కత్తిగాటు అని ముఖాన్ని పై నుంచి కిందికి వర్ణించి, ఆ పైన అతని గుర్రం రంగును, దాని మీద వేసిన ముద్రను కూడా నమోదు చేసేవారు. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి జీతం తీసుకోకుండా, ఒకే గుర్రాన్ని ఇద్దరు చూపకుండా పెట్టిన కట్టుదిట్టం అది. మోసం జరుగుతుందన్న అనుమానంతో గుమాస్తా గీసిన ఆ అక్షర చిత్రం, మూడున్నర శతాబ్దాల తరువాత ఆ మనిషికి మిగిలిన ఏకైక ముఖం అయింది. స్కాట్ సిపాయి విడుదల పత్రంలోని కళ్ల రంగు, జుట్టు రంగు కూడా ఇటువంటి జీతపు కట్టుదిట్టం నుంచే పుట్టాయి.

ఇరవయ్యవ శతాబ్దపు యుద్ధాలకు వచ్చేసరికి అన్వేషకుని దారి తప్పించేది హైదరాబాద్ అన్న మాటే. ఆ పేరుతో కనీసం మూడు వేర్వేరు సైన్యాలు ఉండేవి. నిజాం డబ్బుతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ 1903లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. 1916 జులై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగంలో హైవుడ్ అనే అడవి దగ్గర గుర్రాలతో దూసుకెళ్లిన 20వ దక్కన్ హార్స్ దళం దాని వారసురాలు. అదే కంటింజెంట్ కాల్బలం నుంచి వచ్చిన 19వ హైదరాబాద్ రెజిమెంటులో రానురాను కుమావూ కొండలవారు, జాట్లు నిండిపోగా, 1945లో దాని పేరే కుమావూ రెజిమెంటుగా మారింది. ఇక నిజాం డబ్బుతో కొన్న విమానాల కారణంగా ఆ పేరు మోసిన బ్రిటిష్ వాయుసేన 110వ, 152వ, 253వ స్క్వాడ్రన్లలో, 152వ దాని చిహ్నం మీద నిజాం తలపాగా ఉన్నా, హైదరాబాదు సిపాయి కోసం వెతకడం వృథా శ్రమ.

బార్కస్, శంషాబాద్ ప్రాంతాల కుటుంబాలకు పనికివచ్చేది మూడవది, అంటే నిజాం సొంత సైన్యం. దాని నుంచి హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు, అంటే సామ్రాజ్యసేవకు కేటాయించిన ఈటెల అశ్వదళం, మొదటి ప్రపంచ యుద్ధంలో సూయజ్ కాలువ కావలికి, ఆపైన పాలస్తీనాకు వెళ్లింది. ఢిల్లీలోని తీన్‌మూర్తి కూడలిలో మైసూరు, జోధ్‌పూర్ సైనికుల విగ్రహాల పక్కన ఉన్నది ఈ హైదరాబాదు సైనికుడే. కాని 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీద గుర్రాలతో దాడి చేసినవారు జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు; హైదరాబాదు లాన్సర్లు ఆ సమయంలో వేలకొద్దీ తుర్కీ ఖైదీలను వెనక్కి తరలించే పనిలో ఉన్నారు. హైఫాలో దాదా గుర్రం నడిపాడన్న మాట పత్రాలతో సరిపోలకపోతే కుటుంబం నిరాశపడనక్కరలేదు. ఎడారిలో ఖైదీల బారులను నీళ్లున్న చోటికి నడిపించడం కూడా యుద్ధసేవే. హద్రమీ సయ్యద్ వంశానికి చెందిన సయ్యద్ అహ్మద్ అల్ ఈద్రూస్ ఆ లాన్సర్లతో పాలస్తీనా రంగంలో పనిచేసి, మూడు దశాబ్దాల తరువాత హైదరాబాదు సైన్యానికి చివరి సేనాధిపతి అయ్యాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో నిజాం కాల్బలం ఎదుర్కొన్న ఒక యుద్ధరాత్రి కూడా విమానాశ్రయం దగ్గరిదే. 1941 డిసెంబరు 8 తెల్లవారకముందే జపాను సైన్యం మలయా తీరాన కోటభారు వద్ద దిగినప్పుడు, అక్కడి విమాన మైదానాన్ని కాపలా కాస్తున్నది హైదరాబాద్ రాజ్యపు మొదటి కాల్బల దళం. ఆ గందరగోళంలో దాని నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ హెండ్రిక్స్ ప్రాణాలు కోల్పోయాడు. ఈ యుద్ధాలలో మరణించిన సిపాయిల పేర్లను 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం నమోదు చేసింది. మలయా పోరులో మరణించి సమాధి లేనివారి పేర్లు సింగపూరులోని క్రాంజీ స్మారకం గోడల మీద ఉన్నాయి. ఆ పట్టికలో సిపాయి పేరుతో పాటు దళం, మరణించిన తేదీ, చాలా సందర్భాల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. బతికి తిరిగి వచ్చినవారికి మాత్రం ఈ సౌకర్యం లేదు. వారి జాడ పింఛను కాగితాలలోనే.

ఈ సైన్యాల కథ 1948 సెప్టెంబరులో ముగిసింది. 13న మొదలైన భారత సైన్యపు పోలీసు చర్య ఐదు రోజులలో పూర్తికాగా, 18న ఈద్రూస్ మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయాడు. ఆపైన అరబ్బుల ఆయుధాలు తీసుకున్నారు, అనేకులను నిర్బంధించారు, కొందరిని ఓడలలో ఏడెన్ రేవుకు పంపించారు. ఇక్కడే పుట్టి, అరబ్బీ కన్నా దక్కనీ ఉర్దూనే బాగా వచ్చినవారిని ఎటు పంపాలన్నది అధికారులకు కూడా తేలని ప్రశ్న అయింది. అరేబియాలో పుట్టినవాణ్ని విలాయతీ అనీ, ఇక్కడి తల్లికి పుట్టినవాణ్ని మువల్లద్ అనీ అరబ్బులే వేరుచేసి పిలిచేవారు. వచ్చినవారు దాదాపుగా అందరూ ఒంటరి మగవారే గనుక బార్కస్‌లోని ప్రతి వంశవృక్షానికీ సగం వేళ్లు దక్కను నేలలోనే ఉన్నాయి. ఏ పట్టీలోనూ, ఏ చెహ్రాలోనూ ఆ తల్లుల పేర్లు లేవు, ఎందుకంటే జీతం వారికి రాలేదు. వారి పేర్లు దొరికే చోటు నిఖానామా, అంటే మెహర్ సొమ్ముతో సహా పెళ్లి షరతులు రాసుకున్న పత్రం. దానిని దాచి ఉంచిన ఇల్లు అభిలేఖాగారంలో లేని సంపదను దాచుకున్నట్లే.

శంషాబాద్‌లో 2008 మార్చిలో విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ దారికి రాకపోకలు పెరిగి, సైనికుల మనుమలు, మునిమనుమలు జెడ్డాకు, దుబాయికి, దోహాకు కొలువుల కోసం ఇక్కడి నుంచే విమానం ఎక్కుతున్నారు. పాత ఇళ్లు కూలి కొత్త అంతస్తులు లేస్తున్న ఈ కాలంలో, ట్రంకుపెట్టెల అడుగున ఉన్న పార్సీ, ఉర్దూ కాగితాలు పాడైపోయే ప్రమాదం మునుపటికన్నా ఎక్కువ. అటువంటి పత్రం ఉన్న కుటుంబాలకు ఒక విన్నపం: దానికి ప్లాస్టిక్ లామినేషన్ వేయించకండి, అట్టకు అతికించకండి, ఎందుకంటే నిజాం కాలపు పత్రాలలో దళం పేరు, తేదీ, కార్యాలయపు ముద్రలు చాలాసార్లు వెనుకవైపే ఉంటాయి. రెండు వైపులా ఫోటో తీసి, ఇంట్లోని పెద్దలకు చూపించి, వారికి గుర్తున్నంతవరకు మూడు తరాల పేర్లను, తల్లుల పేర్లతో సహా, వేరే కాగితం మీద పెన్సిలుతో రాసి దానితోపాటు ఉంచండి.